సవరణ: ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) టీవీ ప్రేక్షకుల లెక్క

"ఎన్‌ఎఫ్‌ఎల్‌ను టీవీలో చూసేవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు" అని పోయిన పోస్టులో ఉంది. ఏటా కాదు. గట్టి దెబ్బ తగిలింది 2016, 2017 సీజన్లలో. 2016 సెప్టెంబర్ 26న అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్, హిల్లరీల మొదటి డిబేట్, సోమవారం రాత్రి మ్యాచ్ ఒకే టైమ్‌లో వచ్చాయి. జనం డిబేట్‌కే ఓటేశారు. 2018 నుంచి ప్రేక్షకుల సంఖ్య మళ్లీ పుంజుకుంది, కరోనా ఏడాది కాస్త జారినా. 2025 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌ను (లీగ్ ఫైనల్‌ను) అమెరికాలో సగటున 12 కోట్ల 70 లక్షల మందికి పైగా చూశారు.

అలాగని పాత అంకెల పక్కన కొత్తవి పెట్టి సంబరపడటానికీ లేదు. బార్లలో, రెస్టారెంట్లలో చూసేవాళ్లను కూడా టీవీ ప్రేక్షకులను లెక్కించే సంస్థ నీల్సన్ 2020 నుంచి లెక్కలో కలుపుతోంది. గురువారం మ్యాచ్‌లు 2022లో అమెజాన్ ప్రైమ్‌కి వెళ్లాయి కాబట్టి, కేబుల్ తీసేసినవాళ్లంతా ఆట చూడటం మానేసినట్టూ కాదు.