రెండు వందల లీటర్ల జీవామృతం

మా అపార్ట్‌మెంట్లో మిద్దె తోట ఐడియా రిటైర్డ్ లెక్కల మాస్టారిది. స్ట్రెస్ హార్మోను కార్టిసాల్ ఉంటుంది చూడండి, అరగంట పుస్తకం చదివితే తగ్గేదానికన్నా అరగంట తోటపని చేస్తే ఎక్కువ తగ్గిందని నెదర్లాండ్స్ వాళ్ళు పరీక్ష చేసి 2011లో పేపర్ వేశారంట, ఆ లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టి మరీ ఒప్పించారు. సరే, తలా కొంచెం వేసుకుని పాతిక గ్రోబ్యాగులు కొన్నాం. వంగ, టమాటా, గోంగూర, పిట్టగోడ మీదకి ఓ బీరపాదు. బానే ఉంది.

తర్వాత మాస్టారి మనసు జీవామృతం మీద, అంటే పేడ పులియబెట్టి మొక్కలకి పోసే ద్రవం మీద పడింది. ప్రకృతి సేద్యం సుభాష్ పాలేకర్ గారి లెక్క ప్రకారం 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోలు బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. గ్రాము తేడా రానివ్వలేదాయన. కాకపోతే అది ఎకరం పొలానికి లెక్క.

నీడన పెట్టాలి కాబట్టి డ్రమ్ము తీసుకెళ్ళి లిఫ్ట్ రూములో పెట్టారు. అసలే మే నెల. మర్నాటికల్లా వాసన లిఫ్ట్ గుంతలోంచి దిగి, ఏ ఫ్లోర్లో తలుపు తెరుచుకుంటే ఆ ఫ్లోర్‌కి డోర్ డెలివరీ. 203 వాళ్ళు ఎండుచేపలు వండారని 303 ఆంటీ, ఆంటీ వాళ్ళ పిల్లే ఎలకని ఎక్కడో చంపి పడేసిందని 203, గ్రూపులో ఒకటే రచ్చ. సెక్రటరీ గారు సెప్టిక్ ట్యాంక్ బండిని పిలిపిస్తే వాళ్ళు మూత తీసి, ఓసారి పీల్చి, "ఇది మాది కాదు సార్" అని పైకి చూశారు.

అందరం మెట్లెక్కి వెళ్ళాం, లిఫ్ట్ ఎక్కే ధైర్యం ఎవరికుంది! మాస్టారు కర్రతో సవ్యదిశలో కలుపుతూ చెయ్యి అడ్డం పెట్టారు: "ఎనభై ఏడు... ఆగండమ్మా, లెక్క తప్పుతుంది."

"కార్టిసాల్ తగ్గుద్దన్నారు కదండీ, మాకు నెత్తికెక్కింది" అంది 303 ఆంటీ.

పారబోద్దామంటే వాన నీళ్ళ పైపు సరిగ్గా సెక్రటరీ గారి కారు పక్కన దిగుతుంది. మొక్కలకే పోసేద్దామంటే పదింతల నీళ్ళు కలపాలట, "మొత్తం 2200 లీటర్లు అవుతుంది" అని నోటిలెక్క చెప్పేశారు మాస్టారు. ఇంక చూస్కోండి, చున్నీలు, కండువాలు ముక్కుకి కట్టుకుని మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లు అందించుకున్నాం, తులసి కోటలు, కరివేపాకు చెట్టు, మనీప్లాంట్లు, వీధి చివర కానుగ చెట్లు దేన్నీ వదల్లేదు, పక్క సందు అపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా బిందెలు తెచ్చారు. 203 వాళ్ళు మజ్జిగ పంపితే 303 ఆంటీ రెండు గ్లాసులు తాగి, ఎండుచేపల పులుసులో మామిడికాయ వేస్తారా అని అడిగింది.

ఇప్పుడు గొడవల్లా సెప్టిక్ బండి బిల్లు గురించే. ఫ్లాటుకింత అని సెక్రటరీ గారు, కుండీకింత అని అద్దెకున్న 401 కుర్రాడు. వాడికున్నది ఒక్క మనీప్లాంటు, అదీ సీసాలో.