ఒకే బస్సులో వాది, ప్రతివాది

"పైసలు పోతే పోనియ్యి, న్యాయం తేలాలె" అని మొన్న మళ్లీ ఒక పెద్దమనిషి హోటల్లో చాయ్ తాగుతూ సెలవిచ్చాడు. ఆ చాయ్ పైసలు పక్కవాడు ఇచ్చాడనుకోండి. ఈ మాట అనేవాళ్లు ఒక్క వాయిదాకూ రారు. అందుకని కోర్టుకెక్కాలని ఉబలాటపడేవాళ్ల కోసం ఖర్చుల అంచనా నేనే వేశాను.

నమూనా: అన్నదమ్ములైన మా బావలిద్దరి కేసు. కనగల్ వైపు వాళ్ల బత్తాయి తోటల మధ్య గెట్టు రెండు గుంటలు జరిగిందట. రెండు గుంటలంటే 242 గజాలు. మహా అయితే నాలుగైదు చెట్లు పడతాయి. బత్తాయి రేటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

పెద్దబావ వాది, చిన్నబావ ప్రతివాది. ఏడేళ్లయింది. పొద్దున నల్లగొండకు పోయే బస్సు ఒక్కటే. మొదట్లో ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో కూర్చునేవారు. ఇప్పుడు ముందెక్కినవాడు రెండోవాడి కోసం తువ్వాల వేసి సీటు ఆపుతున్నాడు.

"మీ వకీలు ఇయ్యాల వస్తడా?"

"రాడంట. వాళ్లింట్ల పెండ్లి."

"మరి మనమెందుకు పోతున్నం?"

"పిలిచినప్పుడు లేకుంటే కేసు కొట్టేస్తరు గదనే!"

మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చుని, పేరు పిలవగానే సగం తాగిన చాయ్ పారబోసి ఇద్దరూ ఉరుకుతారు. లోపలికెళ్లి తారీఖు రాసుకుని వస్తారు. పెద్దక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం ఇద్దరూ కలిసే తింటారు. తిరుగు ప్రయాణంలో ఊరి స్టేజీ రాగానే మాత్రం ఒకరు ముందు డోర్ నుంచి, ఒకరు వెనక డోర్ నుంచి దిగుతారు. కలిసి కనిపిస్తే కేసు వీక్ అవుతుందట.

ఒక వాయిదాకు ఒక కూలి రోజు, వకీలు ఫీజు, జిరాక్సులు, చాయ్‌లు. ఇద్దరికీ కలిపి, ఏడేళ్లకు గుణించి చూశాను. ఆ డబ్బుతో రెండు గుంటలు కొనడమే కాదు, గెట్టుకు రెండు వైపులా కంచె కూడా వేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 17 ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదు. మా బావలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు.

ఇక రెండో ప్రతివాది మా అత్తమ్మ. ఆమె ఖర్చు సున్నా. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలు కూడా ఉచితమే. డెబ్బై ఏళ్ల తల్లిని పైసా ఖర్చు లేకుండా బోనెక్కించవచ్చు, ఇంకేం కావాలి!

పోయిన వాయిదాకు నేనూ వెళ్లాను. వరండా మెట్టు మీద అత్తమ్మ కూర్చుంది. పెద్దకొడుకు ఒక నీళ్ల బాటిల్ ఇచ్చాడు, చిన్నకొడుకు ఇంకొకటి ఇచ్చాడు. ఏది తాగితే ఎవరి పక్షమవుతుందోనని రెండూ ఒళ్లో పెట్టుకుని, ఎండలో, సాయంత్రం దాకా గుక్కెడు తాగలేదు. సిగ్గులేదారా మీకు? ఆమె కన్న ఇద్దరికీ కలిపి ఆ 242 గజాలే పెద్దవయ్యాయా?

లోక్ అదాలత్‌లో రాజీ పడండిరా, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, మళ్లీ అప్పీలు కూడా ఉండదు అన్నాను. పెద్దబావ తలూపాడు. చిన్నబావా ఊపాడు. సాయంత్రం హోటల్ దగ్గర ఆగారు. "రాజీ అంటే ఓడినట్టే" అన్నాడు చాయ్ తాగే పెద్దమనిషి. అంతే, మళ్లీ వాయిదా.

ఈసారి ఆయనను కూడా బస్సెక్కించమని బావలకు చెప్పాను. ఆయనకు మాత్రం టికెట్ తీసుకోవాలి.