ఏజెన్సీ వికలాంగులకు "డబుల్ రిజర్వేషన్" అన్నది అబద్ధం

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "గిరిజన వికలాంగులకు రెండు రిజర్వేషన్లు, పైగా ఇంట్లో కూర్చుంటే నెలకు ఆరు వేలు. అసలు అడవిలో వికలాంగులే తక్కువ" అని. చదువుకున్నవాళ్లే పంచుతున్నారు. అందుకే రాస్తున్నాను.

రెండు రిజర్వేషన్ల మాట తప్పు. వికలాంగుల కోటాలో ఎంపికైన ఎస్టీ అభ్యర్థిని ఎస్టీ వాటాలోనే లెక్కేస్తారు. 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇంకో సంగతి. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్త జబ్బును 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో చేర్చింది. కానీ అదే చట్టం 34వ సెక్షన్‌లో, 4 శాతం ఉద్యోగాలు ఎవరికో చెప్పేచోట, దాని పేరు లేదు. ఒళ్లంతా నొప్పులతో నెలనెలా మంచం పట్టే కుర్రాడికి ఉద్యోగాల్లో ఒక్క రిజర్వేషనే ఉంది, ఎస్టీది.

"తక్కువ" అన్నది 2011 జనాభా లెక్కల మాట. మొత్తం జనాభాలో 2.21 శాతం, ఎస్టీల్లో 2.05 శాతం. అంకె నిజమే. అయితే ఆ లెక్కల్లో సికిల్ సెల్‌కు విడిగా గడే లేదు.

ఇక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఆరు వేలు ఇస్తున్నారు, ఇంటికే తెచ్చిస్తారు. దానికి కావలసిన సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం, మాత్రం ఇంటికి రాదు. మన్యంలో నడవలేని ఒక పెద్దాయనను డోలీలో దించడం నేను చూశాను. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు మోశారు. దిగుడు రాగానే వెనకాయన కర్రను భుజం మీంచి చేతుల్లోకి దించుకున్నాడు, లేకపోతే లోపలి మనిషి ముందుకు జారిపోతాడు. రోడ్డెక్కి, ఆటో పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు వెళ్లిపోయారు. మళ్లీ స్లాట్ తీసుకోమన్నారు. మోసిన ఇద్దరికీ ఆ రోజు కూలి పోయింది. వాళ్లను మళ్లీ రమ్మని ఏ మొహంతో అడుగుతాడు?

పిల్లలకైతే ఆ సర్టిఫికెట్‌కు భాష కూడా అడ్డమే. ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాణ్ణి తెలుగులో ప్రశ్నలడిగి తెలివితేటలు కొలిస్తే ఏం తేలుతుంది?

ఇది దయాదాక్షిణ్యం కాదు. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు మన దేశమూ ఓటేసింది. వికలాంగులైన ఆదివాసీల అవసరాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని అందులో రాసుంది. కొండమీది వాళ్లు అడుగుతున్నదీ పెద్దదేం కాదు: సదరం క్యాంపు వారపు సంత రోజున, సంత దగ్గరే పెట్టమంటున్నారు. ఆ రోజు ఎలాగూ ఊరంతా కిందికి దిగుతుంది, డోలీ పట్టడానికి మనుషులూ దొరుకుతారు.