లంబసింగిలో చెమటలు

మా బావమరిదికి కొండలంటే పిచ్చి, భూమి వేడెక్కిపోతోందని బెంగ. రెండూ ఒకే మనిషిలో ఉంటే పక్కవాళ్ళకి నిద్ర ఉండదు. కిందటి డిసెంబర్‌లో ఓ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"బావా, రికార్డుల్లో 2024ని మించిన వేడి సంవత్సరం లేదట. పారిశ్రామిక యుగం ముందు కంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థే లెక్క చెప్పింది. మంచు ఉండగానే లంబసింగి చూసొచ్చేద్దాం."

మంచం పట్టిన పెద్దాయన కడచూపుకి పిలిచినట్టే ఉంది గొంతు.

మా అత్తయ్య రెండేసి స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మామగారి శాలువా సర్దింది. మరి లంబసింగికి కొర్రబయలని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని అర్థం. వాడు ఇంట్లోనే మందపాటి జాకెట్ తొడిగేసి, నర్సీపట్నం దాకా ఏసీ పద్దెనిమిదిలో పెట్టాడు, ముందే అలవాటు పడాలని. డీజిల్ కారులో ఏసీ వేసుకుని భూమి గురించి బాధపడుతుంటే ఉండే సుఖమే వేరు.

తెల్లవారుజామున నాలుగున్నరకి చేరాం. మాలాగే కడచూపుకి వచ్చిన కార్లు ఘాట్ రోడ్డంతా బారులు తీరి పొగ వదులుతున్నాయి. వాడు దిగి నోరు తెరిచి "హా..." అన్నాడు. ఆవిరి రాలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. రాత్రి తిన్న ఉల్లి పకోడీ వాసన వచ్చింది.

"అయిపోయింది బావా. వెయ్యి మీటర్ల ఎత్తులో ఉక్కపోత!" అంటూ జాకెట్ జిప్పు లాగాడు. అది గుండెల దాకా దిగి, లోపలి స్వెట్టర్ ఊలుని కరిచి పట్టుకుంది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు.

టీ కొట్టు ఆవిడ మా గోల విని నవ్వింది. "అల్పపీడనం కదా బాబూ, మూడ్రోజుల నుంచీ మబ్బేసి ఉంది. ఆకాశం తేటగా ఉంటేనే రాత్రి నేల చల్లబడుద్ది. మబ్బు దుప్పటి కప్పితే మంచెక్కడ పడుద్ది?"

వాడి మొహం చూడాలి. భూగోళం కోసం ఇంత బెంగపడి వస్తే, తీరా కారణం బంగాళాఖాతంలో అల్పపీడనమా? ఒక్క రాత్రి ఉక్కని ఆ 1.55 ఖాతాలో రాయకూడదని వాడికీ తెలుసు. కానీ చెమట కారుతున్న మనిషితో లెక్కలు మాట్లాడలేం.

సరే, వచ్చినందుకు ఫోటో ఉండాలిగా! వాడు మంకీ క్యాప్ పెట్టుకుని వణుకుతున్నట్టు నిలబడ్డాడు. నేను వాడి గడ్డం కింద వేడి టీ గ్లాసు పట్టుకున్నాను, నోట్లోంచి ఆవిరి వస్తున్నట్టు కనబడాలని. నాలుగో ప్రయత్నానికి కుదిరింది. స్టేటస్ పెట్టిన రెండు నిమిషాలకే అత్తయ్య ఫోన్.

"అల్లుడుగారూ, మావాడి మొహం నిండా ఆ బొట్లేంటండీ?"

"మంచండీ అత్తయ్యా," అన్నాను. పక్కనే వాడు మెడ వంచి, జిప్పుని పళ్ళతో లాగుతున్నాడు.