సవరణ: క్రోమాటిడ్లు లాగుడుకు తెగవు

మొక్కల కణవిభజన మీద నేను రాసిన టపాలో రెండు తప్పులు దొర్లాయి. కండె పోగులు (విభజన వేళ క్రోమోజోములను లాగే సన్నని దారాలు) బలంగా లాగడం వల్లే జంట క్రోమాటిడ్లు (ఒకే క్రోమోజోము తాలూకు రెండు నకళ్లు) తెగి విడిపోతాయని రాశాను. అది తప్పు. ఆ జంటను కలిపి ఉంచేది కొహెసిన్ అనే ప్రోటీన్ వలయం. దాన్ని కోసేది సెపరేజ్ ఎంజైము. అదను రాకముందే కోత పడకుండా సెక్యూరిన్ అనే ప్రోటీన్ ఆ ఎంజైమును కట్టడి చేస్తుంది. అరబిడాప్సిస్ మొక్కలో ఈ కాపలా పని పేట్రోనస్ అనే ప్రోటీన్‌ది. క్రోమోజోములన్నీ పోగులకు సరిగ్గా తగులుకున్నాకే కణం ఆ కాపలాను తొలగిస్తుంది.

నా మాట ఎందుకు నిలవదో 1938లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ ఉల్లి వేళ్లపై చేసిన ప్రయోగాలు చూపాయి. కాల్చిసిన్ అనే రసాయనం వల్ల కండె ఏర్పడలేదు, లాగే పోగులే లేవు. అయినా క్రోమాటిడ్లు కాస్త ఆలస్యంగా విడిపోయాయి! అటూ ఇటూ చేరే దారిలేక ఒకే కేంద్రకంలో మిగిలి, క్రోమోజోముల సంఖ్య రెట్టింపైంది. ఈ ఒక్క విషయం గుర్తున్నా నేను అలా రాసేవాణ్ణి కాదు. పోగుల పని కోయడం కాదు, విడిపోయినవాటిని కణం ధ్రువాలకు (రెండు కొసలకు) చేర్చడం.

రెండోది బొమ్మలో తప్పు. ఉల్లి కణానికి సెంట్రియోల్ (జంతు కణాల్లో కండె కొనల దగ్గర ఉండే చిన్న గొట్టంలాంటి భాగం) గీశాను. పుష్పించే మొక్కల్లో అది ఉండదు. బొమ్మ మార్చాను.