రీలు కెమెరా కొనేముందు లెన్సు మర చూడండి

“మామా, రేంజ్‌ఫైండర్ కొంటా. లెన్సు మార్చుకునేదే కావాలి.”

పోయిన దసరాకు మా అక్క కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి అన్న మాట ఇది. ఎన్ని లెన్సులు కొంటావురా అని అడిగాను. ఒకటే అన్నాడు, 50 ఎంఎం. ఒక్కటే కొనేవాడికి మార్చుకునేది దేనికి? వాడు కాసేపు నీళ్లు నమిలాడు. నేను నవ్వలేదు. నా మొదటిది కొన్నప్పుడు నన్ను ఎవరైనా ఇదే అడిగి ఉంటే నేనూ అలాగే నీళ్లు నమిలేవాణ్ని.

ఇప్పుడైతే నా దగ్గర ఒక జవాబుంది. లెన్సు ఊడివచ్చే కెమెరా వల్ల అసలు లాభం, రేపు బాడీ చెడిపోతే లెన్సు అలాగే ఉంచుకుని బాడీని మార్చుకోవచ్చు. అరవై ఏళ్ల నాటి యంత్రాన్ని తిరుపతిలో కూర్చుని కొనేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఇదే. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో దీన్నిబట్టే తేలుతుంది.

రేంజ్‌ఫైండర్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. దీంట్లో మనం లెన్సు గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. ఎదుటి మనిషి మధ్యలో ఒక మచ్చలాంటి చోట రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే రెండో బొమ్మ పక్కకు జరుగుతూ వచ్చి మొదటిదాని మీద కూర్చుంటుంది. సరిగ్గా కూర్చుంటే ఫోకస్ కుదిరినట్టు. లోపల అద్దం లేచి పడే చప్పుడు ఉండదు. ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో బయట నుంచే తెలుస్తుంది. మూత తీయడం మరిచిపోయినా మాత్రం తెలియదు! పక్షులకు, పువ్వు మీద తేనెటీగకు ఇది పనికిరాదు. పాత లెన్సులు చాలావరకు మీటరు కంటే దగ్గరికి రావు, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగే 90 ఎంఎం దాటిన లెన్సులైతే ఆ చిన్న కిటికీలో గురి కష్టం. కాబట్టి 35, 50 ఈ రెండే దీని ఊరు. లెన్సులు మార్చుకునే ముచ్చట ఇక్కడే సగం తేలిపోయింది.

అలాంటప్పుడు యాషికా ఎలక్ట్రో 35, కెనొనెట్ లాంటి లెన్సు ఊడని రేంజ్‌ఫైండర్ చాలదా? చేతిలో డబ్బు తక్కువుంటే అదే తీసుకోమంటాను. మంచి లెన్సులు, సద్దు లేని షట్టర్లు. చిక్కల్లా, వాటిలో షట్టరు, అంటే వెలుతురును లోపలికి వదిలి ఆపే తలుపు, లెన్సులోనే ఉంటుంది. అది మొరాయించిందా, నిక్షేపంలాంటి గాజు కూడా దాంతోపాటు మూల పడుతుంది. యాషికాలో అయితే బ్యాటరీ మీద నడిచే సర్క్యూటు కూడా ఉంటుంది. అది పోతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం.

ఇక మర సంగతి. 1930ల మొదట్లో జర్మన్ కంపెనీ లైకా 39 ఎంఎం వెడల్పు మరను ఖాయం చేసుకుంది. సీసా మూత తిప్పినట్టు లెన్సును తిప్పి బిగించడమే. సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాలు, జపాన్‌లో కెనాన్ అదే మర పెట్టుకున్నాయి. 1999లో జపాన్ కంపెనీ కొసీనా, వోక్ట్‌లాండర్ అనే పాత పేరుతో రంగంలోకి దిగినప్పుడు కూడా ఇదే మరతో మొదలుపెట్టింది. లైకా మాత్రం 1954లో ఎం3తో, తిప్పితే టక్కున పడే గడియలాంటి ఎం మౌంటుకు మారింది. ఆ మారినప్పుడు వాళ్లు చేసిన తెలివైన పని చూడండి. మర కెమెరాలో లెన్సుకు, ఫిల్ముకు మధ్య దూరం 28.8 ఎంఎం. ఎం మౌంటులో 27.8. సరిగ్గా ఒక మిల్లీమీటరు తక్కువ. ఆ మిల్లీమీటరు మందం ఉన్న రింగు ఒకటి తగిలిస్తే పాత మర లెన్సు ఏదైనా కొత్త ఎం బాడీ మీద కూర్చుంటుంది. ఎం లెన్సు మాత్రం మర బాడీ మీదికి రాదు. దారి ఒకవైపే.

అంటే ఈరోజు మర లెన్సు కొన్నవాళ్లు పదేళ్ల తర్వాత లైకా కొన్నా ఆ లెన్సు వృథా కాదు. ఈలోగా బాడీలు వస్తాయి, పోతాయి. అందుకే మొదటిసారి కొనేవాళ్లు బడ్జెట్‌లో పెద్ద భాగం లెన్సుకు పెట్టి, బాడీ దగ్గర చేయి బిగపట్టుకోవాలని నా వాదన. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. ఉన్నదంతా బాడీకి పోసి, చివర మిగిలిన చిల్లరతో బూజు పట్టిన లెన్సు కొంటారు. బూజు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. నవంబరు వానల్లో ఇనుప బీరువాలో మూసిపెట్టిన లెన్సులో అది సాలెగూడులా అల్లుకుంటుంది. కొనేముందు లెన్సు వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే బయటపడుతుంది.

నా మొదటిది జోర్కీ 4. 1956 నుంచి 1973 దాకా లక్షల్లో తయారైంది కాబట్టి చవక. దాంతో వచ్చే జూపిటర్-8 లెన్సు జర్మన్ కంపెనీ జైస్ వాళ్ల పాత సొన్నార్ లెన్సుకు రష్యన్ తమ్ముడు. ఆ ధరకు అంత అందమైన లెన్సు ఇంకోటి లేదంటాను. ఈ కెమెరాకు ఒక పట్టింపుంది. ముందు రీలు జరపాలి, తర్వాతే షట్టర్ స్పీడు మార్చాలి. జరపకుండా స్పీడు తిప్పితే లోపలి యంత్రం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలియక చెడగొట్టినవాళ్లు ఎందరో. అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది. కంటి దగ్గర చుట్టూ ఉన్నది ఒట్టి లోహం, కళ్లద్దం మీద గీతలు పడతాయి. నాది పడింది. చిన్న రబ్బరు వాషరు అతికించాక కుదుటపడ్డాను.

దాని కథ చంద్రగిరి కోటలో ముగిసింది. మే నెల, పదకొండు గంటల ఎండ. రాజమహల్ ఎదుట నీళ్లు తాగుదామని కెమెరాను గోడ మీద పెట్టాను. లెన్సు పైకి చూస్తోంది, మూత నా జేబులో ఉంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చని వాళ్లుండరు. సరిగ్గా అదే జరిగింది. ఇలాంటి కెమెరాల్లో షట్టరు రబ్బరు పూత వేసిన నల్ల గుడ్డ. లెన్సు సూర్యుణ్ని తెచ్చి ఆ గుడ్డ మీద చుక్కలా నిలబెట్టింది. నీళ్లు తాగినంత సేపు చాలింది. ఆ రీలు కడిగి వచ్చాక చూస్తే ఫొటో ఫొటోకీ ఒకే చోట ఆవగింజంత తెల్ల చుక్క. లెన్సు గుండానే చూసే, లోపల అద్దమున్న ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు ఈ బెడద దాదాపు లేదు, అద్దం అడ్డుంటుంది. మనలాంటి ఎండల ఊళ్లలో రేంజ్‌ఫైండర్ కొనేవాళ్లకు అమ్మేవాళ్లు మొదట చెప్పాల్సిన మాట ఇది. నాకు అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాడీ పోయింది, జూపిటర్ మిగిలింది. దాన్ని ఇంకో బాడీకి తిప్పి బిగించిన రోజే పైన చెప్పిన జవాబు నాకు తట్టింది. లేకపోతే ఈ వ్యాసం రాసేవాణ్నే కాదు.

ఆ అనుభవం తర్వాత నా ఓటు కెనాన్ పి వైపు మళ్లింది. 1959లో వచ్చింది, అదే మర. షట్టరు గుడ్డ కాదు, పల్చటి స్టీలు రేకు. ఎండకు కాలి చిల్లు పడదు. కిటికీలో లోకం అసలు సైజులోనే కనిపిస్తుంది కాబట్టి రెండు కళ్లూ తెరిచే ఫొటో తీయొచ్చు. ఆ రేకు మీద ముడతలు ఉంటాయి, ఎవరో లోపల వేలు పెట్టి నొక్కి ఉంటారు. చూడ్డానికి భయపెడతాయి గానీ, చాలాసార్లు పనికి అడ్డురావు. వెలుతురు కొలిచే మీటరు లోపలే కావాలనుకుంటే 2000లో వచ్చిన వోక్ట్‌లాండర్ బెస్సా ఆర్ ఉంది. మర అదే, బ్యాటరీ అయిపోయినా షట్టరు నడుస్తుంది. పట్టుకుంటే కాస్త ప్లాస్టిక్‌లా ఉంటుంది, చప్పుడూ ఎక్కువే.

రష్యన్ లెన్సులు లైకా కొలతకు అచ్చంగా కుదరవు. కెనాన్ మీదో లైకా మీదో పెట్టి, లెన్సు లోపలి కన్నాన్ని పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో ముఖం తీస్తే కంటికి బదులు చెవి స్పష్టంగా రావచ్చు. ఎనిమిదికి మూసి తీస్తే తేడా కనిపించదు (లెన్సు మీద అంకె పెరిగేకొద్దీ ఆ కన్నం చిన్నదవుతుంది). నా దాంతో దూరాల్లో మాత్రమే తీస్తున్నాను. కెనాన్ బాడీకి కెనాన్ 50 ఎంఎం 1.8 మర లెన్సే సరిజోడు.

చేతికి తీసుకుని చూడకుండా కొనొద్దు. నేను మా మేడ మీదికి తీసుకెళ్లి చూస్తాను. లెన్సును అనంతం గుర్తు దగ్గర పెట్టి దూరంగా గోవిందరాజ స్వామి గుడి గోపురం కలశాల వైపు చూస్తే రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే రేంజ్‌ఫైండర్ మెకానిక్ చేతికి పోవాల్సిందే. తర్వాత లెన్సు తీసి, వెనక తలుపు తెరిచి, ఒక్కో స్పీడుకూ బల్బు వైపు పెట్టి నొక్కాలి. సెకను అంటే సెకనులా ఉండాలి, మధ్యలో నిద్రపోకూడదు. షట్టరు మూసి ఉన్నప్పుడు టార్చి వేస్తే నక్షత్రాల్లా చుక్కలు కనిపించాయంటే బేరం ఆపేయండి.

బంగారు పూతతో, నాజీల డేగ ముద్రతో “యుద్ధకాలం నాటి లైకా” అని వచ్చేవి చాలావరకు రంగు మార్చిన ఫెడ్, జోర్కీలే. లెన్సు విప్పి లోపల పైభాగం చూడండి. లెన్సును తాకే చోట అసలు లైకాలో చిన్న గుండ్రటి చక్రం ఉంటుంది, వీటిలో నాలుకలాంటి లోహపు ముక్క. అమ్మేవాళ్లు లెన్సు విప్పనివ్వకపోతే జవాబు దొరికినట్టే.

మరి అసలు లైకా? 1984 నాటి ఎం6ను కంపెనీ 2022లో మళ్లీ తెచ్చింది, అప్పట్లో బాడీ ఒక్కటే అమెరికాలో 5,295 డాలర్లు. పాత ఎం3 కొంటే ఆ డబ్బు పోదని, ఎప్పుడైనా అమ్ముకోవచ్చని అంటారు. అబద్ధం కాదు. కానీ మొదటి కెమెరాకు అంత పెట్టినవాళ్లు దాన్ని జాతరలోకి తీసుకెళ్లరు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. టెన్షన్ పడుతూ ఫొటోలు నేర్చుకోవడం కుదరదు.

ఆ మిగుల్చుకున్న డబ్బు రీళ్లకు కావాలి. ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ రీళ్లు మన స్టూడియోల్లో ఉండేవి. ఇప్పుడు మనకు దొరికే కొడాక్, ఇల్ఫర్డ్ దిగుమతి సరుకే. కలర్ రీలు కొని, చెన్నైకి పంపి కడిగించి, స్కాన్ చేయించేసరికి నాకు పద్దెనిమిది వందల దాకా అవుతోంది. ముప్పై ఆరు ఫొటోలకు అది, అంటే నొక్కు నొక్కుకూ యాభై రూపాయలు. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుక్కోవచ్చు, అయితే రీలు కడిగే మందు మామూలుగా 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మేలో మా కుళాయి నీళ్లు ఆ దరిదాపుల్లో కూడా ఉండవు, బకెట్లో ఐస్ వేసుకోవాలి. కలర్ మందుకు కావాల్సింది 38 డిగ్రీలు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లకు వేడిచేసే పని కూడా ఉండదు! తిరుమలకు వెళ్తే అలిపిరి దగ్గర సామాను స్కానర్లోంచి పోతుంది. రీలు స్పీడు అంటే అది వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె. 200, 400 స్పీడు రీలుకు ఆ ఎక్స్‌రే ఒకటి రెండుసార్లు తగిలితే ఏమీ కాదు, 3200 అయితే చేత్తో చూడమని అడగండి. ఎలాగూ కెమెరాను గుళ్లోకి రానివ్వరు.

లోపల మీటరు లేని కెమెరా ఎలా వాడతారని నన్ను అడుగుతుంటారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు చెప్పడం సులువు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లగా పూసుకుంటారు, తోటి వేషం రోజు బొగ్గు. కెమెరాలోని మీటరు మనిషి మీద నుంచి వచ్చే వెలుగును కొలుస్తుంది. తెల్లటి బైరాగి ఫ్రేము నిండా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను మసకబరుస్తుంది, బొగ్గు పూసుకున్న తోటిని బూడిద రంగుకు తెస్తుంది. ఎండ మాత్రం ఇద్దరి మీదా ఒక్కటే. రీలు స్పీడు 200 అయితే షట్టరు 250 దగ్గర, అంటే సెకనులో 250వ వంతుకు పెట్టి, నిండు ఎండలో లెన్సును పదహారుకు, గుడి గోడ నీడలోకి వస్తే అయిదున్నరకు తిప్పుకుంటే చాలు. ఈ లెక్క రెండు రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. గుంపులో ఎవరి వేపకొమ్మ ఎటు నుంచి ఫ్రేములోకి వస్తోందో కిటికీలో ముందే కనిపిస్తుంది కాబట్టి నొక్కాల్సిన క్షణం కూడా తప్పిపోదు.

మా వాడు చివరికి కెనాన్ పి, దాని 1.8 లెన్సు కొన్నాడు. చెన్నైలో చేతికి తీసుకుని, లెన్సు విప్పి చూసి, సాయంత్రం రైలెక్కి నేరుగా తిరుపతి వచ్చాడు. ఇంటికి రాగానే వెనక తలుపు తెరిచి, “మామా, రేకంతా ముడతలు” అన్నాడు, ముఖం వేలాడేసుకుని. బల్బు కింద అన్ని స్పీడులూ నొక్కి చూపించాను. తర్వాత లెన్సు విప్పి నా జూపిటర్ బిగించాడు, మళ్లీ విప్పి తనది బిగించాడు. అలా నాలుగైదుసార్లు.

మేలో జాతరకు సెలవు పెట్టి వస్తానన్నాడు. వాడి రీళ్లు రెండు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉన్నాయి. అక్క ఇప్పటికే వాటిని ఒకసారి నా మందులనుకుని తీసి బయట పెట్టింది.