నక్స్ వామికా: ఒకే పేరు, రెండు వేర్వేరు సీసాలు

హోమియో మందుల దుకాణంలో నక్స్ వామికా అడిగితే కౌంటర్ మీదకు రెండు రకాల సీసాలు రావచ్చు. ఒకటి నక్స్ వామికా క్యూ, అంటే మదర్ టింక్చర్: ముషిణి గింజను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన మూల ద్రవం. రెండోది నక్స్ వామికా 30 లేదా 200, అంటే దాన్నే అన్నిసార్లు పలచన చేసింది. లేబుల్ మీద పేరు ఒకటే, గింజ బొమ్మ వేస్తే అదీ ఒకటే. మొదటి సీసాలో మనిషి వెన్నుపామును అదుపు తప్పించగల స్ట్రిక్నిన్ అనే విషం కొలవగలిగినంత ఉంటుంది. రెండో దాంట్లో ఆల్కహాల్, నీళ్లు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. ఈ మందు మీద నడిచే వాదాలు చాలావరకు ఈ తేడాను పక్కన పెట్టి నడుస్తాయి. సమర్థించేవారు మొదటి సీసాకున్న చరిత్రను రెండో దానికి అంటగడతారు. ఎగతాళి చేసేవారు రెండో సీసాను చూపి మొదటిదీ ఉత్త నీళ్లేనంటారు. ఈ రెండో మాటే ఎక్కువ ప్రమాదకరం.

మూలం మన అడవి చెట్టే. ముషిణి, ముష్టి, ముసిడి అని ప్రాంతాన్ని బట్టి పిలుస్తారు. ఆయుర్వేదంలో విషముష్టి, కుపీలు. తూర్పు కనుమల్లో, తమిళనాడు, కేరళ అడవుల్లో బాగా పెరుగుతుంది. పండు నారింజ రంగులో, చిన్న బత్తాయంత ఉంటుంది. గుజ్జులో విషం తక్కువ; కొమ్ముకాకులు దాన్ని తింటాయి. విషం ప్రధానంగా గింజలో ఉంటుంది. గుండ్రని బొత్తాంలా రెండు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, అర సెంటీమీటరు మందం, బూడిద రంగు, నడుమ నుంచి అంచుల వైపు దువ్వినట్టున్న పట్టులాంటి నూగు. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే సరుకుల్లో ఇదీ ఒకటి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయలతో పాటు దీన్నీ కొంటుంది.

ఆ సంతల్లోనే ఇండుప గింజలూ వస్తాయి. మురికి నీటిని తేర్చడానికి కుండ లోపల అరగదీసే చిల్లగింజ ఇదే. ముషిణిదీ దీనిదీ ఒకే ప్రజాతి, స్ట్రిక్నోస్. కానీ చిల్లగింజలో స్ట్రిక్నిన్ లేదు. ముషిణి గింజల్లో కల్తీగా కలిసే సరుకుల్లో ఇదొకటి. చిల్లగింజ చిన్నది, ఉండలా ఉబ్బి ఉంటుంది, చేదు ఉండదు. ముషిణిది బల్లపరుపు, చేదు భయంకరం. అయితే చేదు చూసి పోల్చుకోవడం దీని విషయంలో పనికిరాని పరీక్ష. ఆకారం, నూగు చూసే ఏరాలి. కల్తీ వల్ల మందు బలహీనపడటం ఒక నష్టమైతే, దాన్ని మించిన నష్టం మరొకటుంది. కల్తీ సరుకుతో మోతాదుకు అలవాటుపడినవాడి చేతికి ఒకసారి అసలు సరుకు వస్తే అదే మోతాదు ఎక్కువైపోతుంది.

1818లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్టియే, కావెంతూ ఇదే ప్రజాతికి చెందిన ఇగ్నేషియా గింజల నుంచి స్ట్రిక్నిన్‌ను వేరు చేశారు. మరుసటి ఏడాది బ్రూసిన్ అనే మరో విషం బయటపడింది. ముషిణి గింజలో ఈ రెండూ కలిపి సాధారణంగా 2 నుంచి 3 శాతం. స్ట్రిక్నిన్ ఒక్కటే కనీసం 1.2 శాతం ఉండాలన్నది బ్రిటిష్ ఫార్మకోపియా (ఔషధ ప్రమాణాల గ్రంథం) నాటి ప్రమాణం. బ్రూసిన్‌కు విషగుణం చాలా తక్కువ కాబట్టి లెక్కలన్నీ స్ట్రిక్నిన్ మీదే చేయాలి.

వెన్నుపాములో కండరాల ఉద్రేకానికి కళ్లెం వేసే రసాయనం గ్లైసీన్. అది కూర్చునే గ్రాహకాల్లో స్ట్రిక్నిన్ కూర్చుంటుంది. కళ్లెం తెగిపోతుంది. మింగిన పావుగంట నుంచి గంటలోపు మెడ, దవడ బిగుస్తాయి. చిన్న చప్పుడుకీ, తాకినా, లైటు వేసినా ఒళ్లంతా విల్లులా వంగుతుంది. మూర్ఛ వ్యాధిలోలాగా స్పృహ పోదు. రోగికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఊపిరి కండరాలు బిగుసుకుపోవడం వల్లే మరణం. పెద్దవాళ్లకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ప్రాణాంతకమని చెబుతారు గానీ, అంతకన్నా చాలా తక్కువకే చనిపోయిన ఉదంతాలున్నాయి. పిల్లలకు 15 మిల్లీగ్రాములు చాలు. ఒక గింజ బరువు ఒకటి, రెండు గ్రాములనుకుంటే అందులో 12 నుంచి 24 మిల్లీగ్రాముల స్ట్రిక్నిన్ ఉన్నట్టు. నమలకుండా గింజను గింజగా మింగితే గట్టి పైపొర వల్ల అలాగే బయటికి పోవచ్చునని విషవైద్య గ్రంథాలు రాస్తాయి. పొడి చేస్తే ఆ రక్షణ ఉండదు.

ఆయుర్వేదం ఈ గింజను మందుగా మార్చిన పద్ధతిని చూస్తే, వాళ్లు దీన్ని ఎంత భయంతో పట్టుకున్నారో తెలుస్తుంది. గింజల్ని గోమూత్రంలో ఏడు రోజులు నానబెడతారు. రోజూ పాతది పారబోసి కొత్తది పోయాలి. పోయకపోతే ద్రవంలోకి దిగిన విషంలోనే గింజ నానుతుంది. తర్వాత కడిగి, పల్చని గుడ్డలో మూటకట్టి, పాత్ర అడుగు తగలకుండా ఆవుపాలలో వేలాడదీసి మూడు గంటలు ఉడికిస్తారు. ఇదే దోలాయంత్రం. దించాక గింజ చల్లారి గట్టిపడకముందే పైతొక్క ఒలిచి, రెండు పప్పుల మధ్య ఉండే మొలకను తీసేసి, మెత్తగా ఉండగానే దంచి ఎండబెట్టాలి. ఆరిపోయిందంటే కొమ్ములా గట్టిపడి రోకలికి లొంగదు. పలుకులు పలుకులుగా మిగిలిన పొడిలో ఒక చిటికెకూ మరో చిటికెకూ విషం సమానంగా ఉండదు. ఆవునెయ్యిలో వేయించే పద్ధతి కూడా ఉంది. అందులో జరిగే పొరపాటు మంట పెద్దది చేయడం: పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

ఈ శుద్ధిని ఉత్త నమ్మకంగా కొట్టేయడానికి వీల్లేదు. నానినప్పుడు, ఉడికినప్పుడు ఆల్కలాయిడ్లు, అంటే స్ట్రిక్నిన్, బ్రూసిన్ కొంత ద్రవంలోకి దిగిపోతాయి. గట్టి వేడికి స్ట్రిక్నిన్ కొంత ఐసోస్ట్రిక్నిన్ లాంటి తక్కువ విషపు రూపాలకు మారుతుంది. చైనా వైద్యంలో ఇదే గింజను వేడి ఇసుకలో వేయించడం వెనకున్న రసాయనమూ అదే. కాకపోతే తగ్గడం వేరు, పోవడం వేరు. శుద్ధి చేసిన గింజ కూడా విషపు గింజే. ఉడికించిన పాలు కూడా విషమే. కుక్కలకో దూడలకో అందేచోట పారబోయకూడదు.

శుద్ధి చేసిన పొడికి ఆయుర్వేద మోతాదు 60 నుంచి 125 మిల్లీగ్రాములు. విషతిందుక వటి, అగ్నితుండి వటి, ఏకాంగవీర రసం లాంటి వాటిలో ఇది చేరుతుంది. అజీర్ణం, వాతం నొప్పులు, పక్షవాతం తర్వాతి బలహీనతలకు వాడతారు. కుక్కకాటుకు కూడా వాడిన ఆనవాయితీ ఉంది. అది మాత్రం నేడు ఎవరూ అనుసరించకూడని ఆనవాయితీ. రేబిస్‌కు వేక్సిన్ ఉంది, ముషిణి గింజతో పోగొట్టుకున్న రోజులు తిరిగిరావు.

ఇక్కడొక చిన్న లెక్క వేద్దాం. 60 నుంచి 125 మిల్లీగ్రాముల గింజలో, శుద్ధితో ఏమీ తగ్గలేదని అనుకున్నా, స్ట్రిక్నిన్ 0.7 నుంచి 1.5 మిల్లీగ్రాములు. ఇప్పుడు 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్‌కు వెళదాం. మారథాన్ గెలిచిన థామస్ హిక్స్‌కు దారిలో సహాయకులు కోడిగుడ్డు తెల్లసొనతో, బ్రాందీతో ఇచ్చిన స్ట్రిక్నిన్ విడతకు గ్రెయిన్‌లో అరవయ్యో వంతు, అంటే సుమారు 1 మిల్లీగ్రాము. ఆ కాలపు పాశ్చాత్య వైద్యులు ఉత్తేజానికి, ఆకలికి టానిక్కుల్లో వాడిన స్థాయి కూడా అదే. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు వైద్యాలు దాదాపు ఒకే అంకె దగ్గర ఆగాయి. మరీ తగ్గితే ఏమీ జరగదు, మరీ పెరిగితే కండరాలు బిగుస్తాయి. పాశ్చాత్య వైద్యం చివరికి ఆ ఇరుకు సందులోంచి బయటపడింది; లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ అని ఈ టానిక్కులను వదిలేసింది. క్రీడల్లో పోటీ సమయంలో స్ట్రిక్నిన్ నేటికీ నిషిద్ధమే. 2016 రియో ఒలింపిక్స్‌లో కిర్గిజ్‌స్థాన్ వెయిట్‌లిఫ్టర్ ఒకరు దీనివల్లే కాంస్యం పోగొట్టుకున్నారు. మన క్రీడాకారులు అజీర్ణానికో నొప్పులకో వాడే మందుల మీద ‘కుపీలు’, ‘విషముష్టి’, ‘నక్స్ వామికా క్యూ’ అన్న పేర్లు ఉన్నాయేమో చూసుకోవలసింది ఇందుకే.

ఇక హోమియో వైద్యాన్ని మొదలుపెట్టిన జర్మన్ వైద్యుడు హానిమన్ సంగతి. 1805లో ఆయన లాటిన్‌లో ప్రచురించిన తొలి ఔషధ పరీక్షల సంకలనంలోనే నక్స్ వామికా ఉంది. ఆరోగ్యవంతులకు మందిచ్చి, కలిగిన లక్షణాలు రాసుకుని, అవే లక్షణాలున్న రోగికి ఆ మందు ఇవ్వడం ఆయన సూత్రం. నక్స్ వామికాకు అలా రాసుకున్నవి: చప్పుడు, వెలుతురు, వాసన భరించలేకపోవడం, చిరాకు, చలి, మలబద్ధకం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం. మసాలా, కాఫీ, మద్యం, కూర్చుని చేసే ఉద్యోగం ఉన్న కోపిష్టి మనిషిని చూడగానే హోమియో వైద్యులు ‘నక్స్ మనిషి’ అంటారు, మందు రాత్రిపూట ఇస్తారు. గుడివాడ, రామంతాపూర్, రాజమండ్రి ప్రభుత్వ కళాశాలల్లో చదివిన ఎవరిని అడిగినా ఈ చిత్రం అప్పజెబుతారు. గమనించవలసింది ఏమిటంటే, అందులో ప్రధానమైన అతిస్పందన నిజంగా స్ట్రిక్నిన్ లక్షణమే. అది అసలు మందు ఒంట్లోకి వెళ్లినప్పుడు రాసుకున్న చిత్రం. ఆ చిత్రం చూసి ఇప్పుడు ఇచ్చేది మాత్రం ఆ మందు లేని ద్రవం.

తయారీ చూడండి. గింజల పొడి 100 గ్రాములకు తగినంత గాఢ ఆల్కహాల్ చేర్చి నానబెట్టి, వడకట్టి, ఒక లీటరు టింక్చర్ చేస్తారు. ఇది పదో వంతు బలం. గింజలో 1.2 శాతం స్ట్రిక్నిన్ ఉండి, అదంతా దిగిందనుకుంటే, మిల్లీలీటరుకు 1.2 మిల్లీగ్రాములు. హిక్స్‌కు ఒక విడతలో ఇచ్చిన దానికన్నా ఎక్కువే. 30 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో 36 మిల్లీగ్రాములు. ఇంట్లో రెండేళ్ల పిల్లవాడు ఆ సీసాలో సగం తాగినా ప్రాణాంతక స్థాయి దాటినట్టే.

చుక్కల లెక్క ఈ ప్రమాదాన్ని ఇంకా కప్పిపుచ్చుతుంది. నీటి చుక్కలైతే మిల్లీలీటరుకు 20. ఆల్కహాల్ చుక్క చిన్నది కాబట్టి 40 కూడా దాటొచ్చు. డ్రాపర్ మారితే మోతాదు రెట్టింపు కావచ్చు. స్ట్రిక్నిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి పది గంటలు, ఆ పైన పడుతుంది. రోజుకు మూడుసార్లు వేసుకుంటే ముందుది పోకముందే తర్వాతది చేరుతుంది.

టింక్చరే పదో వంతు బలం కాబట్టి, 10 భాగాల టింక్చర్‌కు 90 భాగాల ఆల్కహాల్ కలిపి బలంగా కుదిపితే 1సి. అందులోంచి ఒక భాగానికి 99 భాగాలు కలిపితే 2సి. ఇలా సాగుతుంది. 1సిలో మిల్లీలీటరుకు 0.12 మిల్లీగ్రాముల స్ట్రిక్నిన్, అంటే సుమారు రెండు వేల కోట్ల కోట్ల అణువులు: 2 పక్కన 17 సున్నాలు. ప్రతి మెట్టుకీ రెండేసి సున్నాలు ఎగిరిపోతాయి. 9సికి మిల్లీలీటరులో సుమారు 20 అణువులు మిగులుతాయి. 10సికి అయిదు మిల్లీలీటర్లు వెతికితే ఒకటి. ఆ తర్వాత ఇంకా ఇరవై మెట్లు దిగితే మనం కొనే 30.

కుదపడం వల్ల ద్రవంలో ఏదో శక్తి నిలుస్తుందన్నది హోమియో వాదన. ఆ శక్తిని చూపగలిగిన నమ్మదగ్గ ప్రయోగం లేదు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి అప్పటిదాకా ఉన్న అధ్యయనాలు పరిశీలించి, ఏ ఒక్క వ్యాధిలోనూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. కాబట్టి ‘ఆయుర్వేదం వందల ఏళ్లు వాడిన మూలిక ఇది’ అని నక్స్ 30కి మద్దతు చెప్పడం చెల్లదు. ఆయుర్వేదం వాడింది స్ట్రిక్నిన్ ఉన్న గింజను.

అసలు లోపం చట్టంలో ఉంది. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఇ(1) విషద్రవ్యాల పట్టికలో విషముష్టి ఉంది. అది చేరిన మందు మీద ‘వైద్య పర్యవేక్షణలోనే వాడాలి’ అన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలి. తెలుగులో ఉండాలని ఎవరికీ తోచలేదు, అది వేరే గొడవ. కానీ ఆ పట్టిక ఆయుర్వేద, సిద్ధ, యునానిలకే వర్తిస్తుంది. అదే గింజతో చేసిన హోమియో టింక్చర్ దాని కిందకు రాదు. 12 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న హోమియో మందును చిల్లరగా 30 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదన్న నిబంధన ఉంది. అంటే సీసా పరిమాణాన్ని నిర్ణయించింది తాగుబోతుల భయమే తప్ప స్ట్రిక్నిన్ భయం కాదు.

పలచన చేశారు కదా అని తయారీని గుడ్డిగా నమ్మడానికీ లేదు. అమెరికాలో పళ్లు వచ్చే పసిపిల్లల కోసం అమ్మిన, బెల్లడోనా అనే విషపు మొక్కతో చేసిన హోమియో బిళ్లల్లో ఆ విషం ఒక బిళ్లకూ మరో బిళ్లకూ పొంతన లేకుండా ఉందని తేలి 2010లో వెనక్కి తెప్పించారు. 2017లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల్లో మళ్లీ అదే తేడా బయటపడింది. క్యూ, 1ఎక్స్, 2ఎక్స్, 3ఎక్స్ (ఎక్స్ అంటే పదో వంతుకు పలచన చేసే మెట్టు) స్థాయిల్లో ముషిణి, వత్సనాభి, ఉమ్మెత్త లాంటి వాటికి షెడ్యూల్ ఇ(1) తరహా హెచ్చరిక పెట్టాలి. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. సీసాకు పిల్లలు తీయలేని మూత ఉండాలి, స్ట్రిక్నిన్ ఎంతుందో మిల్లీగ్రాముల్లో రాయాలి. 30, 200లకు ఇవేవీ అక్కర్లేదు.

అంతదాకా, ఎవరైనా క్యూ సీసా తాగేసినా, ముషిణి గింజ పొడి మింగినా వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టడమే ఈడ్పును రప్పించవచ్చు. పాలు, నెయ్యి పట్టించకండి. 108కి ఫోన్ చేసి, మనిషిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట పడుకోబెట్టి, అనవసరంగా తాకకుండా ఉంచండి. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు. డయాజెపామ్ లాంటి మందులతో ఈడ్పులు ఆపి, అవసరమైతే వెంటిలేటర్ మీద శ్వాస నిలబెడతారు. మొదటి కొన్ని గంటలు గట్టెక్కితే చాలామంది బతుకుతారు. ఆసుపత్రిలో ధనుర్వాతమని పొరబడే అవకాశం ఉంది. ధనుర్వాతం మెల్లగా, దవడతో మొదలై, ఈడ్పుకీ ఈడ్పుకీ మధ్య కూడా కండరాలు బిగిసే ఉంటాయి. స్ట్రిక్నిన్‌లో హఠాత్తుగా మొదలై, మధ్యలో పూర్తిగా వదులవుతాయి. సీసా వెంట తీసుకెళ్లండి. ‘హోమియో మందు తాగాడు’ అని మాత్రం చెప్పి ఊరుకుంటే డాక్టరు తేలిగ్గా తీసుకోవచ్చు. లేబుల్ మీద పేరు పక్కనున్న ‘క్యూ’ను చూపించండి.